చెట్టు రాత్రి వదిలే గాలి

ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో మొదటి పాఠం గాలి, రెండోది మొక్కల ఆహారం, మూడోది మనం తిన్నది కడుపులో ఏమవుతుందన్నది. ఆ మూడు పాఠాలూ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. చిన్నప్పుడు బట్టీ పట్టాను, తర్వాత పంతులునై ముప్పై ఏళ్ల పైన పిల్లల చేత అప్పజెప్పించుకున్నాను. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువని తోటి పంతుళ్లు అనుకునేవారు. ఎక్కువేమీ కాదు. ఆ పాఠాల్లో ఒక్క వాక్యాన్ని మరిచిపోవాలని చూశాను. అది పోలేదు సరికదా, మిగతావన్నీ కూడా ఉండిపోయాయి.

మాది తాండూరు. నాయన రైల్వే యార్డులో నాపబండలు వ్యాగన్లలోకి ఎక్కించే పని చేసేవాడు. అమ్మా అక్కా కందుల రాసుల దగ్గర చెరిగే పనికి వెళ్లేవాళ్లు. బండల ఊళ్లో ఇల్లంటే గోడలూ బండలే, నేలా బండలే, కప్పూ బండలే. మాది ఒకటే గది. మూలన పొయ్యి, పొయ్యి పైన చెయ్యి పట్టేంత కంత. ఇంటి ముందు చిన్న వాకిలి, వాకిట్లో వేపచెట్టు. వానాకాలం, చలికాలం తప్పితే మా పడకలన్నీ ఆ చెట్టు కిందే.

పోలీసు చర్య తర్వాత బళ్లలో ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వస్తున్న రోజులవి. మా సైన్సు సారు ఉర్దూలో చదువుకున్న మనిషి. తెలుగు పుస్తకం మా చేతికి వచ్చిన రోజే ఆయన చేతికీ వచ్చింది. మాలో ఒకణ్ణి లేపి చదివించి, తాను కళ్లు మూసుకుని విని, "సమజైందా?" అనేవాడు. అయిందనేవాళ్లం. ఆయనకూ అప్పుడే అయ్యేది. అయినా మంచి సారు, తన చేతనైనంత మాకు చూపించేవాడు. గాలి పాఠం రోజు చాయ్ హోటలు నుంచి ఒక గాజు గ్లాసు తెప్పించి, బల్ల మీద కొవ్వొత్తి ముక్క వెలిగించి, దాని మీద గ్లాసు బోర్లించాడు. మంట చిన్నదై, సన్నగా సాగి, ఆరిపోయింది. లోపలున్న ప్రాణవాయువు అయిపోయిందన్నాడు. నలభై మందిమి నోళ్లు వెళ్లబెట్టి చూశాం. నేనైతే ఇంటికి వెళ్లేదాకా నోరు మూయలేదు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. బడి ముఖం చూడలేదు గానీ నేను పైకి చదివే పాఠాలన్నీ ఆమెకూ వచ్చేవి. నేను ఎక్కడైనా తడబడితే పొయ్యి దగ్గర నుంచే అందించేది. "నేను పరీక్ష రాస్తె నీకంటె ఎక్కువ మార్కులొస్తయి తమ్మీ, నాకు రాసుడు రాదు గాని," అనేది. నిజంగానే వచ్చేవి.

ఆమెకు దగ్గు మొదలైంది. కందుల దుమ్ము అనుకున్నాం. దగ్గులో నెత్తురు కనిపించాక నాయన రైలెక్కించి వికారాబాద్ తీసుకెళ్లాడు. గుట్ట మీది క్షయ దవాఖానాలో చేర్చుకున్నారు. ఆరు నెలలు అక్కడే ఉంది. ఆదివారం ఆదివారం నేనూ నాయనా పొద్దుటి బండికి వెళ్లి, స్టేషన్ నుంచి గుట్ట దాకా నడిచేవాళ్లం. అక్కడ పొడుగాటి వరండాలు, వరండాల నిండా మంచాలు. కిటికీలు మూయడమనేది లేదు. ఏ మంచం మీద నుంచి చూసినా ఆకులే కనిపించేవి.

జీర్ణక్రియ పాఠం అక్కకు అక్కడే చెప్పాను. జొన్నరొట్టె ముక్కను మింగకుండా చాలాసేపు నమిలితే తియ్యగా అవుతుందని, నోట్లోని ఉమ్మి పిండిని చక్కెరగా మారుస్తుందని సారు చెప్పాడు. అమ్మ పంపిన రొట్టెలోంచి ముక్క తుంచి ఆమె నోట్లో పెట్టాను. అక్క కళ్లు మూసుకుని నమిలింది. కొంచెంసేపటికి కళ్లు తెరిచి నన్ను చూసింది.

"అరే, నిజమే తమ్మీ! తియ్యగైంది."

"నేను అబద్ధం చెప్తనా? పుస్తకంల ఉన్నది."

పక్క మంచాలవాళ్లందరికీ తలా ఒక ముక్క పంచి నమలమంది. వరండా వరండా అంతా దవడలు ఆడిస్తూ కూర్చున్నారు. నర్సమ్మ వచ్చి ఏమైందోనని కంగారుపడి, సంగతి తెలిశాక నవ్వి, నన్ను "చిన్న డాక్టరు" అంది. ఆ రోజు నుంచి నేను పుస్తకంలోది ఏది చెప్పినా అక్క నమ్మేది. అది నాకు తెలుసు. ఆ నమ్మకం నాకు బాగుండేది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి ఎండాకాలం మొదట్లో అక్కను ఇంటికి పంపించారు. జబ్బు నయమైపోయిందని ఎవరూ అనలేదు. తగ్గుముఖం పట్టిందన్నారు. బరువు కూడా కొంచెం పెరిగింది. బయలుదేరేటప్పుడు నర్సమ్మ నాయనకు రెండు మాటలు చెప్పింది. "మందు సగం, గాలి సగం. బయటనే పండుకోబెట్టుండ్రి. పొయ్యి కాడికి పోనియ్యకుండ్రి." నాయన తల ఊపాడు. ఇంటికి రాగానే వేపచెట్టు కింద కొత్త నులక బిగించిన మంచం వేశాడు. అక్క పగలూ రాత్రీ దాని మీదే ఉండేది. నాలుగు రోజులకు ఇంటి గుమ్మం దాకా నడిచింది. పది రోజులకు వీధి చివరి దాకా వెళ్లి వచ్చింది.

నాకు పరీక్షలు దగ్గర పడ్డాయి. సాయంత్రాలు ఆమె మంచం పక్కనే కూర్చుని పైకి చదివేవాణ్ని. రెండో పాఠం చివర ఒక వాక్యం ఉంది. మొక్కలు పగలు బొగ్గుపులుసు వాయువును తీసుకుని ప్రాణవాయువును వదులుతాయని, రాత్రి ఇది తలకిందులవుతుందని, కనుక రాత్రివేళ చెట్ల కింద నిద్రించరాదని. ఏడాదంతా ఆ వాక్యం చదువుతూనే ఉన్నాను. దాని మీద ఎప్పుడూ ఆగలేదు. ఆ సాయంత్రం అక్కే ఆపింది.

"పగటిపూట మంచిగుండి పొద్దుగూకితె విషం కక్కుతదా? అచ్చం మన చిన్నాయన లెక్కనే ఉన్నది గద తమ్మీ."

మా చిన్నాయన కల్లు మనిషి. అమ్మ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. పుస్తకం వంక చూశాను, చెట్టు వంక చూశాను, కింద ఉన్న మంచం వంక చూశాను. ప్రపంచంలో ఇంకెవరికీ కనిపించని ప్రమాదం నాకొక్కడికే కనిపించినట్టు అనిపించింది. అంత గొప్పగా నాకు మళ్లీ ఎప్పుడూ అనిపించలేదు.

నాయన యార్డు నుంచి రాగానే చెప్పాను. "ఏందిరా గది? మల్ల సదువు," అన్నాడు. చదివాను. ఆయనకు పూర్తిగా అర్థం కాలేదని మొహం చూస్తే తెలిసింది. పరుగెత్తి చాయ్ హోటలుకు వెళ్లి గ్లాసు అడిగి తెచ్చాను. వాకిట్లో బండ మీద కొవ్వొత్తి ముక్క వెలిగించి గ్లాసు బోర్లించాను. మంట చిన్నదై, సాగి, ఆరిపోయింది.

"ప్రాణవాయువు లేకపోతె గిట్ల అయితది నాయినా," అన్నాను. "దీపమైనా, మనిషైనా."

ఆ ప్రయోగానికీ చెట్టుకూ ఏ సంబంధమూ లేదు. గ్లాసు కింద చెట్టు లేదు, వాకిలి మీద గ్లాసు లేదు. ఎనిమిదో తరగతివాడికి అది తట్టలేదు. ఆరిపోయిన వత్తి నుంచి పొగ లేస్తుంటే నాయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

అమ్మ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "గుట్ట మీద దవాఖాన చుట్టూత చెట్లే ఉండె గదరా? ఆరు నెలలు ఆడ పండుకుంటె మంచిగనే అయ్యె గద?"

ఆ ప్రశ్న నాకు నా అంతట నేనే వేసుకోవలసింది. ప్రతి ఆదివారం ఆ చెట్లను చూసినవాణ్ని నేనే. నోరు మూసుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ సమాధానం లేకుండా నిలబడటం నాకు బళ్లో కూడా అలవాటు లేదు.

"ఆడ డాక్టర్లుంటరమ్మా," అన్నాను.

నాయన లేచాడు. "అచ్చేసినోళ్లకు తెల్వదా? ఉత్తగనే రాస్తరా?" అన్నాడు. బండలు మోసిన చేతులు కదా, అక్క మంచం మీద ఉండగానే తల వైపు ఎత్తేశాడు. కాళ్ల వైపు నేనూ అమ్మా పట్టుకున్నాం. అక్క మంచం పట్టెలు గట్టిగా పట్టుకుని, "నన్ను గూడ బండల లెక్క వ్యాగన్ల ఎక్కిస్తున్నరా ఏంది?" అని నవ్వింది. అలా లోపలికి తెచ్చాం.

మొదట్లో పొద్దుగూకితే అందరి పడకలూ లోపలికి, తెల్లవారితే అక్క మంచం బయటికి. అలా ఒక వారం సాగింది. తర్వాత ఎండలు ముదిరాయి. నాయన చీకటితోనే పనికి వెళ్లిపోయేవాడు. అక్కకు మళ్లీ నీరసం పట్టుకుంది, తన కాళ్ల మీద తాను బయటికి వెళ్లలేకపోయింది. మంచంతో సహా ఎత్తడం నా వల్లా అమ్మ వల్లా అయ్యేది కాదు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకున్నాం. చివరికి పగలు కూడా లోపలే ఉండిపోయింది. ఎవరూ అలా ఉంచాలని అనుకోలేదు. పగలంతా కాగిన కప్పు బండలు రాత్రంతా వేడి కక్కేవి. పొయ్యి అదే గదిలో. కంది కట్టెల పొగ ఆ చిన్న కంతలోంచి ఎంత పోతుందో అంతే పోయేది.

"గాలాడ్తలేదు తమ్మీ," అనేది అక్క.

"జర అలవాటైతది అక్కా."

ఆ మాటా నమ్మేది. రొట్టె తియ్యగా అవుతుందని చెప్పినవాణ్ని కదా. ఒక్కసారి మాత్రం, పరీక్షలైపోయిన తర్వాత, నా చెయ్యి పట్టుకుని అడిగింది. "ఒక్క రాత్రి బయట పండుకుంట తమ్మీ. ఒక్కటే. ఒక్క రాత్రికి ఏమైతది?" నేను సారు గొంతుతో వద్దన్నాను.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం పోయింది. నేను చేటతో విసురుతున్నాను. అమ్మ నీళ్లకు వెళ్లింది. శ్వాస ఆగిందని నాకు కొంతసేపు తెలియలేదు. విసురుతూనే ఉన్నాను. అమ్మ వచ్చి బిందె దించి చూసి అరిస్తే అప్పుడు చేట కింద పెట్టాను. నేను ఏడవలేదు. మంచం, గోడ, పొయ్యి అన్నీ మామూలుగానే ఉన్నాయి. నాకు బాగా గుర్తుంది, ఆకలి వేసింది కూడా.

పరామర్శకు వచ్చినవాళ్లకు నాయన ఒకటే మాట చెప్పేవాడు. "మావోడు చెప్పవట్టి ఇన్ని దినాలన్న ఉన్నది. చెట్టు కింద ఉంచితె ఎన్నడో పోతుండె." వాళ్లు నా వైపు మెచ్చుకోలుగా చూసేవారు. ఆ నెలలోనే ఫలితాలొచ్చాయి. సైన్సులో బడికి మొదటివాణ్ని నేనే.

ఇక ఆ తర్వాతి ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చదివాను, పాసయ్యాను, ట్రైనింగ్ చేశాను. అమ్మ పోయింది. అరవైలలో వికారాబాద్‌లో ఒక బళ్లో సైన్సు పంతులుగా చేరాను. వీధిలోంచి తలెత్తితే గుట్ట కనిపించేది. ఆ ఊరే ఎందుకు కోరుకున్నావని ఎవరైనా అడిగితే, కోరుకోలేదు, వేశారు అనేవాణ్ని. అది నిజమే. మార్పించుకోవడానికి నేను ప్రయత్నం చేయలేదు, అంతే.

బడి బీరువాలో ఒక పెద్ద వృక్షశాస్త్ర పుస్తకం ఉండేది. ఒక రోజు ఖాళీ పీరియడ్‌లో తిరగేస్తుంటే ఆ సంగతి కనిపించింది. చెట్లు రాత్రి బొగ్గుపులుసు వాయువును వదిలే మాట నిజమే. కానీ అది ఎంత తక్కువంటే, పక్కన ఇంకో మనిషి పడుకుంటే అతడు వదిలేది దానికంటే ఎక్కువ. ఆరుబయట అయితే అది కూడా గాలిలో కలిసిపోతుంది, మనిషిని ఏమీ చేయదు. రెండుసార్లు చదివాను. మా గది గుర్తొచ్చింది. రాత్రిళ్లు అందులో నలుగురం. పైగా పొయ్యి. ఆ గాలిని పాడుచేసింది మేమే. చెట్టు దాని మానాన అది బయట నిలబడి ఉంది.

గంట కొట్టారు. పుస్తకం బీరువాలో పెట్టి, తాళం వేసి, తరగతికి వెళ్లి చిన్నపేగు గురించి చెప్పాను. పిల్లలు బొమ్మ గీసుకున్నారు. బాధ వస్తుందేమోనని ఆ వారమంతా ఎదురుచూశాను. రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

బడి పుస్తకంలో ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది. పరీక్షల్లో అడుగుతూనే ఉన్నారు. నేను పిల్లలకు చెప్పేవాణ్ని, "పరీక్షలో వస్తే రాయండి, ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పకండి" అని. వాళ్లు నవ్వేవాళ్లు. సారు హాస్యమాడుతున్నాడనుకునేవారు.

నాయన నా దగ్గరే ఉండేవాడు. నాకప్పటికింకా పెళ్లి కాలేదు. రెండు గదుల అద్దె ఇల్లు, వెనక పెరట్లో కానుగ చెట్టు. ఇన్నేళ్ల బండల దుమ్ము ఆయన రొమ్ములో పేరుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒక ఎండాకాలం మరీ ఎక్కువైంది. లోపల పడుకుంటే పిల్లికూతలు, కూర్చుంటే దగ్గు. డాక్టరు చూసి, రాత్రిళ్లు ఆరుబయట పడుకోబెట్టమన్నాడు. పెరడు చిన్నది, మంచం ఎటు జరిపినా కానుగ కిందికే వచ్చేది. నాయన ససేమిరా అన్నాడు.

"రాత్రి చెట్టు కిందనా? నాకేమన్న పిచ్చా?" అన్నాడు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఆ చెట్టు కింద మంచం వేసుకుంటే వాళ్లను కూడా కేకలేసేవాడు. "మావోడు సైన్సు పంతులు, అడుగుండ్రి," అనేవాడు. వాళ్లు నన్ను అడిగేవారు. నేను ఏదో గొణిగి లోపలికి వెళ్లిపోయేవాణ్ని.

నిజం చెబితే నాయనకు గాలి దొరుకుతుంది. చెప్పకపోతే ఆ గదిలో ఊపిరాడక పోతాడు. చెబితే మాత్రం, ఆ సాయంత్రం తన చేతులతో ఎత్తిన మంచం ఏమిటో ఆయనకు తెలిసిపోతుంది. అక్క ఎందుకు పోయిందో తెలుసుకుని ఆ మనిషి ఎలా బతకాలి? నాలుగు రోజులు ఇదే ఆలోచన. చెబుదామని ఎదురుగా వెళ్లి కూర్చోవడం, నీళ్లు కావాలా అని అడిగి లేచి రావడం.

ఐదో రోజు సాయంత్రం ఆయన గోడకు ఆనుకుని, నోటితో గాలి పీలుస్తూ కూర్చున్నాడు. పెదాలు నల్లబడ్డాయి.

"నాయినా," అన్నాను.

"ఏందిరా?"

తప్పు మనం చేసినం అనే మాట నాలుక చివరికి వచ్చింది. ఆయన నన్ను చూస్తున్నాడు, నేను చదివింది వినడానికి అప్పుడు చూసినట్టే.

"కొత్త పుస్తకం వచ్చింది," అన్నాను. "అన్ని చెట్లు గట్ల చెయ్యవంట. కానుగ మంచిదంట. రాత్రి గూడ మంచి గాలే ఇడుస్తదంట."

"ఏదీ, సూపియ్యి."

ఆయనకు ఒక్క అక్షరం రాదు. చేతికందిన పుస్తకం తీసి, ఏదో పేజీ తెరిచి, వేలు పెట్టి, అందులో లేని వాక్యాన్ని పైకి చదివాను. నాయన వంగి ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు.

"గట్లనే రాసిండ్రా?"

"గట్లనే రాసిండ్రు."

మంచం బయట వేశాను. పొద్దున్నే లేచి చూస్తే నాయన నిద్రలేచి మంచం మీద కూర్చుని ఉన్నాడు. పిల్లికూతలు లేవు. మొహం తేటగా ఉంది. చాలా రోజులకు నాకు కొంచెం సంతోషం కలిగింది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"మస్తు గాలొచ్చిందిరా," అన్నాడు. "కంటినిండ నిద్రవట్టింది."

తర్వాత తలెత్తి కొమ్మలకేసి చూశాడు.

"మన వాకిట్ల గా యాపచెట్టు పెట్టింది నేనే," అన్నాడు. "గప్పుడు కానుగ మొక్క గూడ ఉండె. ముందుగాల చేతికందింది గద అని యాపనే పెట్టిన. కానుగ పెట్టినుంటె బిడ్డ బతుకుతుండె."

తప్పు ఆయన పెట్టిన వేపది కాదని చెప్పడానికి ఆ బీరువా పుస్తకంలోని ఒక్క వాక్యం చాలు. అది నాకు తెలుసు. కంఠతా వచ్చు.

"చాయ్ పెట్టనా నాయినా?" అన్నాను.

పెట్టమన్నాడు.